తొప్పి నాదం ఎక్కడికి పోతోంది?

ప్రశ్న: నేను ఇంట్లోనే కర్ణాటక సంగీతం రికార్డు చేసి, మిక్సింగ్ కూడా స్వయంగా చేసుకుంటాను. గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. ఎత్తు కూడా 10 అడుగులే. ఐదంగుళాల వూఫర్ (మంద్ర ధ్వనిని పలికే భాగం) ఉన్న మానిటర్ స్పీకర్లను ఎదుటి గోడకు మూడడుగుల ఇవతల స్టాండ్ల మీద పెట్టి, వాటికి మరో మూడడుగుల దూరంలో కూర్చుని వింటున్నాను. మృదంగం తొప్పి (మంద్రంగా పలికే ఎడమ ముఖం) నాదం ఇక్కడ పల్చగా వినిపిస్తోందని పెంచుతున్నాను; అదే మిక్సు కారులో వింటే ఆ నాదం గుమ్మున మోగి గాత్రాన్ని మింగేస్తోంది. ఎనిమిదంగుళాల వూఫర్ ఉన్న పెద్ద స్పీకర్లు తీసుకోమని దుకాణంలో సలహా ఇచ్చారు. ఆరు లక్షల రూపాయల వరకు పెట్టగలను. ఏవి కొనమంటారు?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఎనిమిదంగుళాలవి మాత్రం కొనకండి. మీ స్పీకర్ తొప్పి నాదాన్ని పలుకుతూనే ఉంది. అది మీ చెవిదాకా వచ్చేలోపు గోడ దాన్ని తుడిచేస్తోంది. ధ్వని సెకనుకు దాదాపు 1125 అడుగులు ప్రయాణిస్తుంది కనుక 94 హెర్ట్జ్ (సెకనుకు 94 కంపనాలు) స్వరానికి ఒక్కో తరంగం పొడవు 12 అడుగులు. మంద్ర ధ్వని ముందుకే కాక అన్ని వైపులా వ్యాపిస్తుంది. అలా వెనక్కి వెళ్లినది మూడడుగుల దూరంలోని గోడకు తగిలి, ఆరడుగులు అదనంగా నడిచి, అంటే సరిగ్గా సగం తరంగం ఆలస్యంగా వచ్చి, నేరుగా వచ్చినదానికి ఎదురు తిరుగుతుంది. రెండూ కలిసి ఆ స్వరాన్ని చాలావరకు హరిస్తాయి. తొప్పి బలమంతా ఉండేది ఆ చుట్టుపక్కలే. వూఫర్ పెద్దదైతే గోడ తిప్పి పంపేదీ అంతే పెద్దదవుతుంది గనుక ఆ స్వరం దగ్గర పడిన గుంట, అంటే లోటు, అలాగే ఉంటుంది. నేనూ ఒకప్పుడు ఇంతే గదికి ఎనిమిదంగుళాల జత తెచ్చి, ఏడాది తిరక్కముందే నష్టానికి అమ్ముకున్నవాడినే.

మీ కుర్చీ సంగతి కూడా చూడాలి. మూడూ మూడూ ఆరు. అంటే మీరు 12 అడుగుల గదికి నట్టనడుమ కూర్చున్నారు. ఆ పొడవులో మొదటి నిలకడ తరంగం (ఎదురెదురు గోడల మధ్య అటూ ఇటూ తిరిగి ఒకేచోట నిలిచినట్టుండే తరంగం) 47 హెర్ట్జ్ దగ్గర ఏర్పడుతుంది, దాని పీడనం గోడల దగ్గర అత్యధికం, మధ్యలో దాదాపు శూన్యం. నమ్మకం కుదరకపోతే ఫోనులో టోన్ జనరేటర్ ఆప్ ఒకటి వేసుకుని 47 హెర్ట్జ్ స్వరాన్ని స్పీకర్లకు పంపండి. కుర్చీలో ఉన్నప్పుడు పీలగా ఉన్న ఆ స్వరం, లేచి వెనుక గోడకు వీపు ఆనిస్తే గది నిండా మోగుతుంది. వెడల్పు విషయంలో మాత్రం కుడి ఎడమల సమతూకం కోసం మధ్యలోనే కూర్చోక తప్పదు.

కాబట్టి కొనడానికి ముందే, ఇప్పుడున్నవాటితోనే ఈ మార్పు చేయండి. స్పీకర్ల ముఖాలు గోడకు అడుగు దూరంలో ఉండేలా వెనక్కి జరపండి. రెండింటి మధ్య నాలుగడుగులు, ఒక్కోదానికీ మీ తలకూ మధ్య నాలుగడుగులు ఉంచితే మీ కుర్చీ గోడకు నాలుగున్నర అడుగుల దగ్గరకు వస్తుంది. గోడ చేసే గుంట అప్పుడు 280 హెర్ట్జ్ పైకి పోతుంది. స్పీకర్ వెనుక గోడకు నాలుగంగుళాల మందపు రాక్‌వూల్ (ధ్వనిని పీల్చుకునే రాతి నార) ప్యానెల్ పెడితే అక్కడ దాన్ని చాలావరకు అణచవచ్చు. 94 హెర్ట్జ్ దగ్గర ఆ మందం చాలదు. గోడకు దగ్గరైనందున పెరిగే మంద్రాన్ని స్పీకర్ వెనుక ఉండే బాస్ స్విచ్‌తో తగ్గించుకోండి. పక్క గోడలకు కూడా అవే ప్యానెళ్లు కావాలి: ఇంట్లో ఎవరినైనా గోడ వెంబడి అద్దం జరుపుతూ నడవమని, కుర్చీలోంచి మీకు ఆ అద్దంలో స్పీకర్ కనిపించిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టించండి.

ఇక కొనవలసినవాటి మాట. ఇంత దగ్గరగా వినేటప్పుడు వూఫర్, ట్వీటర్ (తార ధ్వనిని పలికే భాగం) వేర్వేరు చోట్ల ఉంటే, మీరు తల కాస్త వంచినా పైకెత్తినా ఆ రెండింటి కలయిక మారుతుంది. ఫిన్లాండ్‌కు చెందిన జెనెలెక్ 8331లో ట్వీటర్ మధ్యశ్రేణి డ్రైవర్ (మధ్య స్వరాలను పలికే భాగం) నడుమనే ఉంటుంది, ముఖానికి వెనుక రెండు వూఫర్లు దాగి ఉంటాయి. గాత్రం, వీణ ఒకే బిందువునుంచి వచ్చినట్టు వినిపిస్తాయి. మీ అవసరానికి నా మొదటి ఎంపిక ఇదే. ధర ఎక్కువనిపిస్తే నోయ్‌మన్ కేహెచ్ 120 రెండో తరం చూడండి. దాని పోర్టులు (పెట్టెలోని గాలి బయటికి వచ్చే రంధ్రాలు) ముందు వైపు ఉండడం గోడ దగ్గర పెట్టుకునేవారికి వీలు. రెండింటికీ కొలత మైకుతో గదికి సర్దే ఏర్పాటు ఉంది, కానీ అది మోగేదాన్ని తగ్గించగలదే తప్ప గుంటను పూడ్చలేదు; ఎంత శక్తి పంపితే గోడనుంచి అంతే ఎదురు వస్తుంది. చిన్న స్పీకరంటే చిన్నచూపు అక్కర్లేదు. 1970 దశకంలో బీబీసీ తన బహిరంగ ప్రసార వ్యానుల ఇరుకులో వాడడానికి రూపొందించిన ఎల్‌ఎస్3/5ఎలో ఉన్నదీ ఐదంగుళాల వూఫరే.

డబ్బు చెల్లించేముందు ఒక రాత్రి ఇంట్లో విననివ్వమని డీలరును అడగండి. ఫ్యాను ఆపి, పాట ఏదీ పెట్టకుండా, నాలుగడుగుల నుంచి ట్వీటర్ సన్నని చప్పుడు వినండి; పగటిపూట షోరూములో వినిపించని ఆ బుస తంబూర ఆగాక వచ్చే నిశ్శబ్దంలో బయటపడుతుంది. ఆ తరువాత, కారులో గుమ్మున మోగిన మీ మిక్సునే పెట్టి, తొప్పిని ఎంత తగ్గించాలనిపిస్తుందో చూడండి.