శైలికల పరిణామం మీద సెమినార్‌కు సిద్ధమయ్యే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

శైలికల (సీలియా, కణం మీద వెంట్రుకల్లా ఉండే పోగులు) పరిణామం మీద సెమినార్ ఇవ్వాలి, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని రాశావు. ముందు పేర్ల దగ్గరే జాగ్రత్తపడు. కశాభం (ఫ్లాజెల్లం, కొరడాలాంటి తోక) అనే ఒక్క మాటను మూడు వేరువేరు నిర్మాణాలకు వాడేస్తుంటారు. బాక్టీరియా కశాభం ఫ్లాజెలిన్ అనే ప్రోటీన్ పోగు. మొదట్లో ఉన్న మోటారు అయాన్ల ప్రవాహంతో దాన్ని గిర్రున తిప్పుతుంది. ఆర్కియా అనే మరో రకం ఏకకణ జీవులది కూడా తిరిగేదే, కానీ కణానికి శక్తినిచ్చే ఏటీపీతో నడుస్తుంది. కేంద్రకం ఉన్న నిజకేంద్రక కణాల్లోది తిరగదు, వంగుతుంది. అది పొర కప్పుకున్న, ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్‌తో అయిన సూక్ష్మనాళికల కట్ట. ఈ మూడూ విడివిడిగా పుట్టినవే. ఏ జీవికి శైలిక ఉంది, దేనికి లేదు అని నువ్వు వేసే పట్టికలోకి మూడోది మాత్రమే రావాలి. శైలిక అన్నా, నిజకేంద్రక కశాభం అన్నా లోపలి నిర్మాణం ఒకటే.

చదివేముందు ఒక పూట మైక్రోస్కోప్ దగ్గర కూర్చో. పారమీషియం అనే ఏకకణ జీవి ఉన్న నీటి చుక్కకు 2 శాతం మిథైల్ సెల్యులోజ్ ద్రావణం మరో చుక్క కలుపు. జీవి నెమ్మదిస్తుంది. 40 రెట్ల ఆబ్జెక్టివ్ పెట్టి కండెన్సర్ డయాఫ్రంను బాగా మూసెయ్. వెలుతురు ఎక్కువైతే శైలికలు అస్సలు కనిపించవు. మందం సుమారు 0.25 మైక్రోమీటర్లే కాబట్టి సన్నని గీతల్లానే కనిపిస్తాయి. ఒకదాని వెనక ఒకటి వంగుతూ పోతుంటే వరి చేను మీద గాలి వెళ్లినట్టుంటుంది. చిక్కని ద్రావణంలో కొట్టుకునే వేగం తగ్గుతుంది, కాబట్టి అక్కడ వేగం మాత్రం కొలవకు. కవర్‌స్లిప్ అంచు ఆరుతుంటే కణం నలిగిపోతుంది, మధ్యమధ్యలో నీటి చుక్క అందించు.

లోపలి సంగతికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రాలే దిక్కు. చుట్టూ 9 జంట నాళికలు, నడుమ 2. దీన్నే 9+2 అంటారు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. కోత ఎంత ఎత్తులో పడిందో చూడకుండా లెక్కపెడతారు. అడుగున, శైలికకు పునాది అయిన ఆధార కణికలో 9 త్రయాలు (మూడేసి నాళికల గుత్తులు) ఉంటాయి. దానికి కాస్త పైన, నడిమి జత ఇంకా మొదలుకాని చోట కోత పడితే 9+2 శైలిక కూడా 9+0లా కనిపిస్తుంది. కొసన జంటలు ఒంటి నాళికలవుతాయి. ఒకే శైలికకు వేరువేరు ఎత్తుల్లో మూడు కోతలైనా చూడందే పట్టికలో రాయకు.

పట్టికలో క్లామిడోమోనాస్ అనే ఏకకణ శైవలం, పారమీషియం, మనిషి శ్వాసనాళం, నాచు (మాస్), ఫెర్న్, గింకో, ఆవజాతి మొక్క అరబిడాప్సిస్, కైట్రిడ్ శిలీంధ్రం, ఈస్ట్ ఉంటే చాలు. అరబిడాప్సిస్‌కీ ఈస్ట్‌కీ ‘లేదు’ అని పడుతుంది. అది చూసి వాటి పూర్వీకులకు శైలికలు లేవనుకోవద్దు. ఫెర్న్, గింకోల పురుష బీజకణాలు ఈదుతాయి, కైట్రిడ్ సిద్ధబీజాలకు కశాభం ఉంది. అంటే పూలమొక్కల వంశంలోనూ, ఈస్ట్ వంశంలోనూ అది విడివిడిగా పోయింది. నిజకేంద్రక జీవులన్నిటి ఉమ్మడి పూర్వీకుడికి శైలిక ఉండేదని చెప్పడానికి ఆధారం ఈ పోలికే. కాబట్టి పట్టికను వంశవృక్షం పక్కనే గీయి, విడిగా చూపిస్తే అర్థం తారుమారవుతుంది.

ఈ ‘లేదు’ ఎంత పనికొస్తుందో కూడా చెప్పు. 2004లో క్లామిడోమోనాస్‌కూ మనిషికీ ఉమ్మడిగా ఉన్న జన్యువుల్లోంచి అరబిడాప్సిస్‌లోనూ ఉన్నవాటిని తీసేస్తే 688 మిగిలాయి, శైలికకు చెందినవి వాటిలోనే ఉండాలి. మనిషిలో బార్డెట్-బీడిల్ సిండ్రోమ్ (బీబీఎస్) అనే జబ్బుకు కారణమైన బీబీఎస్5 జన్యువు దొరికింది ఆ మిగిలినవాటిలోనే. నాకు ఎంతో ఇష్టమైన పద్ధతి ఇది, దీనికి ఒక స్లైడ్ పూర్తిగా ఇవ్వు.

పుట్టుక గురించి అడుగుతారు. స్పైరోకీట్ అనే మెలికల బాక్టీరియా కణం లోపలికొచ్చి శైలిక అయిందన్న జీవశాస్త్రవేత్త లిన్ మార్గులిస్ ప్రతిపాదన గురించి రెండు వాక్యాలు చాలు. స్పైరోకీట్ కశాభం ఫ్లాజెలిన్‌ది, శైలిక ట్యూబ్యులిన్‌ది, కాబట్టి పోలిక కుదరదు. శైలికలోకి సరుకు మోసే ఐఎఫ్‌టీ ప్రోటీన్లు, కణంలో సంచులకు పూతగా ఉండే కోప్-1 ప్రోటీన్లను పోలి ఉండటం మాత్రం వివరంగా చెప్పదగ్గది.

ఒక ప్రశ్నకు ముందే సిద్ధంగా ఉండు: ఐఎఫ్‌టీ లేకపోతే శైలిక లేనట్టేనా? కాదు. మలేరియా పరాన్నజీవి ప్లాస్మోడియం పురుష బీజకణం ఐఎఫ్‌టీ లేకుండానే కశాభం కట్టుకుంటుంది. ముందు దాన్ని కణద్రవ్యంలోనే కట్టి, తర్వాత బయటికి తోస్తుంది.

పట్టిక పూర్తయ్యాక పంపు, చూసి పెడతాను.

నీ పెద్దమ్మ