పల్లీలు మానేశాను, మొటిమలు మానలేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది మిర్యాలగూడ. నాకు 32 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. కాలేజీ రోజుల్లో కూడా రాని మొటిమలు రెండేళ్లుగా గడ్డం మీద, దవడల వెంట వస్తున్నాయి. డేట్ దగ్గర పడితే ఇంకా ఎక్కువ. ఒంట్లో వేడి అని మా అత్తమ్మ పల్లీలు, కోడికూర మాన్పించింది. ఆరు నెలలైనా తేడా లేదు. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీమ్ రాస్తే తగ్గుతాయి, ఆపితే రెట్టింపు. చాయ్ తప్ప నాకు వేరే అలవాట్లు లేవు, అది రోజుకు ఐదారు కప్పులు. ఇంకా ఏం మానాలి?

జవాబు: ముందు పల్లీలు, కోడికూర మళ్లీ మొదలుపెట్టండి. నాకు అనుమానం మీ చాయ్ మీదే. కప్పుకు రెండు చెంచాలేసుకున్నా ఐదు కప్పులకు దాదాపు 40 గ్రాముల చక్కెర, దాని మీద రెండు పూటలా తెల్లన్నం. ఇవి రక్తంలో గ్లూకోజ్‌ను గబుక్కున పెంచుతాయి, దాన్ని దించడానికి ఇన్సులిన్ ఎక్కువగా వస్తుంది, అది మగ హార్మోన్లను (ఆడవాళ్లలోనూ కొద్దిగా ఉంటాయి), చర్మంలోని నూనె గ్రంథులను రెచ్చగొడుతుంది, నూనె ఎక్కువై రంధ్రాలు పూడుకుపోతే మొటిమ. పల్లీలు అలా చెయ్యవు, వాటితో గ్లూకోజ్ మెల్లగా పెరుగుతుంది.

2007లో ఆస్ట్రేలియాలో 43 మంది మీద చేసిన పరీక్షలో, 12 వారాలు ఇలాంటి తిండి తగ్గించినవాళ్లకు మొటిమలు బాగానే తగ్గాయి. కాకపోతే వాళ్లంతా 15-25 ఏళ్ల మగపిల్లలు, కాబట్టి మీకూ అంతే తగ్గుతాయని మాటివ్వలేను. రైస్ మిల్లుల ఊళ్లో ఉన్నవాళ్లను అన్నం మానమంటే తిడతారు, అందుకని రాత్రిపూట మాత్రం జొన్న రొట్టె, పప్పో ఆకుకూరో పెట్టుకోండి. చాయ్ రెండు కప్పులకు దించి చక్కెర సగం చెయ్యండి. పాలకూ మొటిమలకూ కొంత సంబంధం కనిపించింది, ముఖ్యంగా వెన్న తీసిన పాలకు, అయినా పెరుగు మానక్కర్లేదు. మూడు నెలలు చూడండి, వారానికే అద్దం ముందు టెన్షన్ పడొద్దు.

ఆ క్రీమ్ సంగతి మాత్రం నాకు కోపం తెప్పించింది. రాస్తే తగ్గి, ఆపితే ఎగదన్నేది చాలాసార్లు స్టెరాయిడ్ కలిపిన క్రీమే అవుతుంది, దాని వల్లే కొత్త మొటిమలు కూడా వస్తాయి. ట్యూబ్ మీద బీటామెథసోన్, క్లోబెటసాల్ అని ఉందేమో చూడండి. ఉంటే ట్యూబ్ పట్టుకుని చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఎలా ఆపాలో ఆయనే చెప్తారు, తిండితో అది సర్దుకోదు.

ఇంకొకటి, మీరు రాయలేదు గానీ నెలసరి తప్పుతోందా, గడ్డం మీద వెంట్రుకలు మందంగా వస్తున్నాయా? అలా ఉంటే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాశయాలకు వచ్చే సమస్య) కావచ్చు, లేడీ డాక్టర్‌కు చూపించి రక్త పరీక్షలు చేయించుకోండి. మూడో బిడ్డ ఆలోచన ఏమైనా ఉంటే చర్మ డాక్టర్‌కు ముందే చెప్పండి, ఐసోట్రెటినాయిన్ లాంటి మొటిమల మాత్రలు కడుపులో బిడ్డకు చాలా ప్రమాదం.