గుండె పోగును కొలవడానికి మెకానికల్ చదువు సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. గుండె కండరం బలాన్ని కొలిచే పరికరాలు తయారుచేస్తానంటోంది. డాక్టరు చదువు లేకుండా ఇది కుదిరే పనేనా? బయోమెడికల్‌కు మారాలా? ఉద్యోగం దొరుకుతుందా? – ఒక తండ్రి, ఏలూరు

జవాబు: మారనక్కర్లేదండీ. కండరాల మీద చేసిన కృషికి 1922 నోబెల్ అందుకున్న ఎ.వి.హిల్ కేంబ్రిడ్జిలో ముందు చదివింది గణితమే.

ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను. ఎలుక గుండె జఠరిక లోపలి గోడ నుంచి ట్రాబెక్యులా అనే కండర పోగును తీస్తారు. పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు, మందం 0.2 మిల్లీమీటర్ల ప్రాంతం. రెండు కొసలనూ సన్నని కొక్కేలకు తగిలించి, ఆక్సిజన్ పట్టించిన లవణ ద్రావణంలో ముంచి, చిన్న విద్యుత్తు తాకిడి ఇస్తే పోగు ముడుచుకోబోతుంది. అప్పుడది లాగే బలం మహా అయితే ఒకటి రెండు మిల్లీన్యూటన్లు. ఒక మిల్లీన్యూటన్ అంటే అయిదు బియ్యపు గింజల బరువు అనుకోండి. అందులో వందో వంతు తేడా కూడా పట్టుకోవాలి.

కొక్కెం తగిలించిన లోహపు పట్టీ ఎంత వంగిందో చూసి బలం లెక్కగడతారు. పట్టీ మెత్తగా ఉంటే బాగా వంగుతుంది, కొలవడం తేలిక. కానీ పట్టీ వంగినంత మేరా పోగు పొట్టిదవుతుంది. పొట్టిదైన పోగు లాగే బలమూ తగ్గిపోతుంది. పైగా మెత్తని పట్టీ తనంతట తానే ఊగుతుంది, ఆ ఊగుడు గుండె లయలో కలిసిపోతుంది. మీటరుకు వెయ్యి న్యూటన్ల దృఢత్వం ఉన్న పట్టీ తీసుకుంటే, మిల్లీన్యూటన్‌కు అది కదిలేది ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇక ఆ మైక్రాన్‌ను ముక్కలు చేసి చదవాలి, దానికి లేజరు లాంటి సాధనం కావలసివస్తుంది. ఈ బేరం కుదర్చడమే డిజైన్.

నాకు బాగా నచ్చిన చిక్కు మరొకటి ఉంది. 0.3 మిల్లీమీటర్ల కొక్కెం తీగ ద్రావణం ఉపరితలాన్ని దాటే చోట తలతన్యత దాన్ని పట్టి లాగుతుంది, సుమారు 0.07 మిల్లీన్యూటన్లు. ద్రావణం మట్టం కాస్త అటూ ఇటూ అయితే ఆ లాగుడూ మారుతుంది, చూసేవారు గుండె బలం మారిందనుకుంటారు! ఇలాంటివి పట్టుకునేది మెకానికల్ బుర్రే. జీవశాస్త్రం తర్వాత నేర్చుకోవచ్చు.

ఉద్యోగం సంగతి దాచకుండా చెబుతాను. ఇదే పని కోసం మన దేశంలో పత్రికా ప్రకటనలు రావు. ఇది పీహెచ్‌డీ దారి. గేట్ రాసి ఐఐటీ హైదరాబాద్ బయోమెడికల్ విభాగానికో, ఐఐటీ మద్రాస్, వెల్లూరు సీఎంసీ, తిరువనంతపురం శ్రీ చిత్ర వైద్య సంస్థ కలిసి నడిపే క్లినికల్ ఇంజనీరింగ్ కోర్సుకో ప్రయత్నించవచ్చు. ఆ ఏటి అర్హతలు చూసుకోండి. విదేశాల్లో ఆక్లాండ్ బయో ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ఇలాంటి పరికరాలను తానే తయారుచేసుకుంటుంది. మూలకణాల నుంచి పెంచిన గుండె కణజాలాన్ని రెండు సిలికోన్ స్తంభాల మధ్య ఉంచి, స్తంభాలు ఎంత వంగాయో చూసి మందుల ప్రభావం పరీక్షించే ప్రయోగశాలలూ ఉన్నాయి. ఇవేవీ కుదరకపోయినా సెన్సర్లు, లోడ్ సెల్‌లు (బరువును విద్యుత్ సంకేతంగా మార్చేవి), వైద్య పరికరాల పరీక్షలు ఇదే నైపుణ్యం అడుగుతాయి కాబట్టి చదువు వృథా పోదు.

ఈ సెలవుల్లో ఒక పని చేయమనండి. స్టీలు స్కేలుకు స్ట్రెయిన్ గేజ్‌లు (సాగితే విద్యుత్ నిరోధం మారే పలుచని రేకులు) అంటించి, ఆ చిన్న మార్పును పట్టిచ్చే వీట్‌స్టోన్ బ్రిడ్జి అనే సర్క్యూట్‌కు కలిపి, చిన్న చిన్న బరువులు వేలాడదీసి కొలవాలి. తర్వాత బరువులు తీసేసి, రాత్రంతా సున్నా రీడింగు ఎటు జరిగిందో, గది వేడి ఎంత మారిందో పక్కపక్కనే నమోదు చేయాలి. ఎందుకు జరిగిందో ఒక పేజీలో రాసి, ఆ గ్రాఫుతో పాటు తాను చేరాలనుకునే చోటి ఆచార్యులకు ఈమెయిల్ పంపమనండి. మార్కుల జాబితా ఆ తర్వాత జత చేసినా ఫరవాలేదు.