కోణాల ఫైలు ఇంపోర్ట్ చేసే ముందు

అమ్మాయీ,

లేజర్ స్కానర్ ఫైల్లో పాయింట్ల ఎక్స్, వై, జెడ్ లేవు, దూరమూ రెండు కోణాలే ఉన్నాయని రాశావు. కాలమ్స్ మూడున్నాయి కదా అని వాటినే ఎక్స్, వై, జెడ్ అనేసి లోపలికి తోసెయ్యకు. పాయింట్లని తెర మీద చూపించే ఆ క్లౌడ్‌కంపేర్ సాఫ్ట్‌వేర్ అడ్డు చెప్పదు. ఏ అంకెలిచ్చినా ఏదో ఒక ఆకారం గీసి చూపిస్తుంది.

ముందు ప్రతి కాలమ్‌లో కనిష్ఠం, గరిష్ఠం చూడు. స్కానర్ పూర్తిగా చుట్టూ తిరిగి ఉంటే, అడ్డకోణం 6.28 దగ్గర ఆగితే రేడియన్లు, 360 దగ్గర ఆగితే డిగ్రీలు, 400 దాకా పోతే గాన్లు, అంటే పూర్తి చుట్టుని 400 భాగాలు చేసిన కొలత. 35999 కనిపిస్తే కంగారుపడకు. వెలోడైన్ వీఎల్‌పీ-16 లాంటి స్కానర్లు డిగ్రీలో నూరోవంతు లెక్కన రాస్తాయి. ఎక్సెల్‌లో సైన్, కాస్‌లకి రేడియన్లే ఇవ్వాలి, అది మర్చిపోకు.

అసలు మోసమంతా టోటల్ స్టేషన్ (కోణాలూ దూరమూ కొలిచే సర్వే పరికరం) ఫైళ్లలో ఉంటుంది. 17.2345 అని ఉంటే అది మామూలు దశాంశం కాకపోవచ్చు, 17 డిగ్రీల 23 నిమిషాల 45 సెకన్లు కావచ్చు. అంటే 17.3958 డిగ్రీలు. ఈ తేడాకి 50 మీటర్ల దూరంలో పాయింటు 14 సెంటీమీటర్లు పక్కకి జరుగుతుంది. గోడ గోడలాగే కనిపిస్తుంది కాబట్టి చూసి పట్టుకోలేం. కాలమ్ మొత్తం వెతుకు. చుక్క తర్వాత మొదటి రెండంకెలుగానీ ఆ తర్వాతి రెండుగానీ ఎక్కడా 59 దాటకపోతే అవి నిమిషాలు, సెకన్లే.

నిలువుకోణం సంగతి తేలిక. విలువలు 90కి అటూ ఇటూ ఉంటే జెనిత్, అంటే నడినెత్తి నుంచి కొలిచింది. దానికి ఎత్తు కావాలంటే దూరాన్ని కాస్‌తో గుణించాలి. సున్నాకి అటూ ఇటూ, మైనస్‌లతో ఉంటే ఎలివేషన్, అంటే అడ్డగీత నుంచి కొలిచింది, దానికి సైన్. ఇవి తారుమారైతే ఏమవుతుందో చూడ్డానికి భలే ఉంటుంది. స్కానర్ నేలకి మీటరున్నర ఎత్తులో ఉందనుకో, చదునైన నేల మొత్తం సరిగ్గా మీటరున్నర వ్యాసార్ధం ఉన్న నిలువు గొట్టంగా లేస్తుంది. తెర మీద అలాంటి గొట్టం కనిపిస్తే ఇంకేం వెతకొద్దు, జెనిత్, ఎలివేషన్‌లలో రెండోది అనుకుని లెక్క మార్చు.

అడ్డకోణం విషయంలో మాత్రం తొందరపడకు. కాలేజీ పుస్తకంలో కోణం తూర్పు నుంచి అపసవ్యంగా తిరుగుతుంది. సర్వేలో అడ్డకోణాన్ని ఎజిమత్ అంటారు, అది ఉత్తరం నుంచి సవ్యంగా తిరుగుతుంది. అందుకని మనకి తూర్పు విలువ సైన్‌తో, ఉత్తరం విలువ కాస్‌తో వస్తాయి. పుస్తకం సూత్రం వాడితే క్లౌడ్, అంటే పాయింట్ల గుంపంతా, కుడిఎడమలు తిరగబడుతుంది. గదుల కొలతలు టేపుతో సరిపోతాయి, క్లయింటు కూడా ఓకే అంటాడు, కానీ మెట్లు ఎడమకి బదులు కుడికి తిరుగుతాయి. ఎంత తిప్పినా అది సరికాదు. ఇంటెన్సిటీ (తిరిగొచ్చిన కిరణం బలం) రంగు పెట్టి ఏదైనా సైన్‌బోర్డు చదివి చూడు, అక్షరాలు తిరగబడి ఉంటే విషయం తెలిసిపోతుంది.

డ్రోన్ మీది లేజర్ స్కానర్ (లైడార్) ఇచ్చే లాస్ అనే రకం ఫైళ్లలో ఉండే స్కాన్ యాంగిల్‌తో ఈ లెక్కలేవీ చెయ్యకు. అది కిరణం ఎంత వాలుగా పోయిందో చెప్పేది మాత్రమే. లాస్ ఫైల్లో పాయింట్ రాసే పద్ధతి (పాయింట్ ఫార్మాట్) 6 నుంచి 10 వరకు అయితే దాన్ని 0.006తో గుణిస్తేనే డిగ్రీలు, 2500 ఉంటే 15 డిగ్రీలన్నమాట.

అక్షాంశ రేఖాంశాల్లో వచ్చిన ఫైలు తెరిస్తే ఊరంతా సన్నటి నిలువు దారంలా కనిపిస్తుంది. ఎత్తు మీటర్లలో, మిగతా రెండూ డిగ్రీలలో ఉండటమే కారణం. డిగ్రీకి 111 కిలోమీటర్లని గుణించేసి పని అయిపోయిందనుకోకు. హైదరాబాద్ దగ్గర రేఖాంశం డిగ్రీ సుమారు 106 కిలోమీటర్లే. యూటీఎంలోకి, అంటే భూమిని జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతిలోకి మార్చు, జోన్ చూసుకుని. హద్దు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం కాబట్టి హైదరాబాద్, విజయవాడ 44లో ఉంటాయి, జహీరాబాద్, అనంతపురం 43లోకి పోతాయి. డిగ్రీల ఫైలుని లాస్‌గా సేవ్ చెయ్యాల్సి వస్తే స్కేల్ (ఫైలు దాచగల అతి చిన్న తేడా) 0.001 ఉంచకు. మీటర్లలో అది మిల్లీమీటరు, డిగ్రీలలో వంద మీటర్ల పైమాటే! 0.0000001 పెడితే సెంటీమీటరు దాకా నిలుస్తుంది. ఒకసారి 0.001తో సేవ్ అయితే పోయిన అంకెలు ఇక తిరిగి రావు, అసలు ఫైలు మళ్లీ అడగాల్సిందే.

ఆ ఫైల్లో మొదటి ఇరవై వరుసలూ, స్కానర్ మోడలూ నాకు వాట్సాప్ చెయ్యి.

మీ బాబాయి