ఫోన్ లాక్కోకండి, ముందు ఆ గోలీ సంగతి చూడండి

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర పల్లె. మా ఆయనకు 38 ఏళ్లు. పన్నెండేళ్లుగా కల్లు, తర్వాత మందు కూడా అలవాటైంది. హైదరాబాద్‌లో డీ అడిక్షన్ సెంటర్‌లో 60 రోజులుండి ఇంటికొచ్చి నెల దాటింది. ఇప్పటిదాకా ముట్టలేదు. కానీ అక్కడ పరిచయమైన నలుగురితో రోజూ ఫోన్లు, వాట్సాప్ గ్రూప్. తాగినోళ్లంతా ఒకచోట చేరితే మళ్లీ తాగుడే కదా అని నాకు టెన్షన్. ఆ స్నేహం మాన్పించాలా? నిద్ర పట్టట్లేదంటే వాళ్లలో ఒకాయన గోలీలు ఇచ్చాడు. మూడు వారాలుగా వేసుకుంటున్నాడు, బాగానే పడుకుంటున్నాడు.
– ఒక సోదరి, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: అమ్మా, మీరు స్నేహం గురించి అడిగారు. నాకు మాత్రం మీ చివరి రెండు వాక్యాలే భయం పుట్టించాయి. ముందు ఆ గోలీ సంగతి చూద్దాం.

దాని పేరు మీరు రాయలేదు. బహుశా మీకూ తెలియదు. నా ఓపీకి చాలామంది కత్తెరతో కోసిన స్ట్రిప్ ముక్క పట్టుకొస్తారు. అందులో నాలుగు గోలీలుంటాయి, పేరున్న వైపు ఉండదు. 'చిన్న తెల్ల గోలీ సార్' అంటారు. అంతమాత్రానికి ఏ డాక్టరూ ఏదీ తేల్చలేడు. కానీ నిద్ర గోలీ పేరుతో చేతులు మారేవి చాలావరకు ఆల్ప్రాజోలం, డయాజిపాం లాంటివే. మెదడులో మద్యం ఎక్కడ పనిచేస్తుందో ఇవీ అక్కడే పనిచేస్తాయి. మన దగ్గర కల్తీ కల్లులో కలిపేవీ ఇవే. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు వణుకుతో, ఫిట్స్‌తో, మతి తప్పి మాట్లాడుతూ ఆసుపత్రులకు వచ్చినవాళ్లు పాలమూరులో చాలామందికి గుర్తుండే ఉంటారు. అంటే పన్నెండేళ్లు కల్లు తాగిన ఒంటికి ఈ గోలీ కొత్త కాకపోవచ్చు. 60 రోజులు కష్టపడి వదిలించుకున్నదే దొడ్డిదారిన మళ్లీ ఇంట్లోకి వచ్చి ఉండొచ్చు.

అలాగని ఇవాళే గోలీలు పారేయకండి. రోజూ వేసుకునేది ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టర్ చూసి, అవసరమైతే వారాల తరబడి మెల్లగా తగ్గిస్తారు. మనిషిని చూడకుండా ఎంత తగ్గించాలో నేను రాయకూడదు. ఈలోపు డోసు పెంచొద్దు. దాని మీద ఒక్క గ్లాసు కల్లు కూడా పడకూడదు. రెండూ కలిస్తే ఊపిరి మందగించి నిద్రలోనే ప్రాణం పోవచ్చు. లేపినా లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా వెంటనే 108కి చేయండి. అలాంటివేమీ లేకపోయినా ఒకటి రెండు రోజుల్లో మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. మూడు వారాలు ఎందుకు ఆగారమ్మా? తాగుడు మానాక కొన్ని నెలలు నిద్ర సరిగా పట్టకపోవడం మామూలే. అలవాటు పడని మందులు దానికి ఉన్నాయి. మొదటి వారంలోనే అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

ఇక స్నేహం. ఫోన్ లాక్కోకండి. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండటం వైద్యంలో భాగమే. 1935లో అమెరికాలో ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే, తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం మొదలైంది ఇద్దరు తాగుడు బాధితుల మాటలతోనే. వారిలో ఒకాయన డాక్టర్. కొన్ని సెంటర్లలో పొద్దున మీటింగ్ పెట్టి, తోటివాళ్లలో మంచి కనిపిస్తే మెచ్చుకోమంటారు, తప్పు కనిపిస్తే చెప్పమంటారు. అమెరికాలో ఇలా నడిచే సెంటర్లను పరిశీలిస్తే, చికిత్స చివరిదాకా పూర్తిచేసినవాళ్లతో మెలిగేవాళ్లు తామూ పూర్తిచేసే అవకాశం ఎక్కువని తేలింది. రాత్రి ఒంటిగంటకు కల్లు మీదికి మనసు పోతే ఆ మాట మీతో చెప్పడానికి ఆయనకు సిగ్గు. వాళ్లతో చెప్పగలడు. ఆ నలుగురినీ దూరం చేస్తే ఊళ్లో ఆయనకు మిగిలేదెవరు? సాయంత్రం కల్లు దుకాణం దగ్గర కూర్చునే పాత జట్టే కదా.

కాకపోతే ధైర్యం వచ్చిన దారిలోనే గోలీ కూడా వచ్చింది. అందుకే నలుగురినీ ఒకే గాటన కట్టకండి. వారిలో ఎవరు చెకప్‌లకు వెళ్తున్నారు, ఎవరు మానేశారు, ఎవరు 'పండక్కి ఒక్క గ్లాసు ఏం కాదులే' అంటున్నారు అని ఆయన్నే నెమ్మదిగా అడగండి. ఫోన్ పెట్టేశాక మనిషి తేలికపడుతున్నాడా, చిరాకు పడుతున్నాడా అన్నది మీరు గమనించగలరు. ఒకరు జారితే మిగతావాళ్లు జారడానికి ఎక్కువ రోజులు పట్టదు. అలాంటప్పుడు గ్రూప్‌లో నచ్చజెప్పుకుంటూ కూర్చోకుండా సెంటర్‌కు చెప్పాలి. 14446 డీ అడిక్షన్ హెల్ప్‌లైన్‌కు మీరైనా చేయొచ్చు, ఖర్చు లేదు. మీలాంటి ఇంటివాళ్ల కోసం అల్‌-అనాన్ అని విడిగా మీటింగ్‌లుంటాయి. ఆసుపత్రికి వెళ్లినప్పుడు వాటి గురించీ అడగండి, ఈ నెల రోజులు మీకు నిద్ర ఉందో లేదో మీరు రాయనేలేదు.

వెళ్లేటప్పుడు పేరున్న వైపు కోయని స్ట్రిప్, సెంటర్ ఇచ్చిన డిశ్చార్జ్ కాగితాలు పట్టుకెళ్లండి. గోలీలు ఇచ్చినాయన్ని కూడా వెంట రమ్మని మీ ఆయనతో ఫోన్ చేయించండి. ఆయనా అదే గోలీ వేసుకుంటూ ఉంటాడు, ఆయన్నీ చూడాలి.