రిమోట్ రొటేషన్‌లో చేరేముందు: రోగితో మాట్లాడేది ఎవరో అడగండి

ఎంబీబీఎస్ పూర్తయింది, అమెరికా వైద్య లైసెన్సు పరీక్షలో రెండో దశ అయిన స్టెప్ 2 రాశారు, వీసా ఇంటర్వ్యూ తేదీ ఇంకా దూరంగా ఉంది. ఈలోగా అమెరికా డాక్టరు దగ్గర ఇంటర్నల్ మెడిసిన్‌లో రిమోట్ రొటేషన్ (ఇంటి నుంచే వీడియోలో రోగులను చూస్తూ పొందే శిక్షణ, దీన్నే టెలిరొటేషన్ అంటారు) చేస్తే రెసిడెన్సీ (అక్కడి పీజీ శిక్షణ) దరఖాస్తుకు పనికొస్తుందా అని మీరు అడిగారు. ‘అమెరికా క్లినికల్ అనుభవం’ అన్న గడి నింపడానికే అయితే చేయకండి. అబ్జర్వర్‌షిప్‌లను (పక్కన ఉండి చూడటం వరకే ఉండే శిక్షణ), టెలిరొటేషన్లను ఆ లెక్కలో చేర్చుకోబోమని చాలా ప్రోగ్రాములు తమ వెబ్‌సైట్లలోనే రాస్తాయి. అక్కడి ఆసుపత్రిలో అడుగుపెట్టిన మొదటి రోజు నుంచే తడబడకుండా కేసు చెప్పగలగాలి అనుకుంటే మాత్రం తప్పకుండా చేయండి. నేను ముందు ఇది చేసి, తర్వాత అక్కడికి వెళ్లి నేరుగా రొటేషన్ చేశాను. ఆ క్రమమే సరైనదని నా గట్టి నమ్మకం.

నేను చేసింది అవుట్‌పేషెంట్ క్లినిక్‌లో. న్యూయార్క్‌లో ఉదయం 8 గంటలంటే వేసవిలో మనకు సాయంత్రం 5:30. నవంబరులో వాళ్లు గడియారాలు వెనక్కి తిప్పాక 6:30 అవుతుంది. రోగి అంగీకారం తీసుకున్నాక వీడియోలో మొదట నేనే మాట్లాడేదాన్ని. హిస్టరీ (జబ్బు వివరాలు) అడిగి తీసుకుని, పక్కకు వచ్చి డాక్టరుకు కేసు చెప్పాలి. ఆ తర్వాత ముగ్గురం కలిసి కూర్చునేవాళ్లం. అసలు చదువంతా మధ్యలో డాక్టరుకు కేసు చెప్పే ఆ కొద్ది నిమిషాల్లోనే ఉంది. మనం హిస్టరీని మొదటి నుంచి చివరి దాకా వరుసగా అప్పజెప్పడానికి అలవాటుపడ్డాం. అక్కడ మొదటి వాక్యంలోనే వయసు, ముఖ్యమైన పాత జబ్బులు, ఇప్పుడు ఎందుకు వచ్చారన్నది తేలిపోవాలి. చివర్లో ‘మీరేమనుకుంటున్నారు?’ అన్న ప్రశ్న తప్పదు. కారణాల జాబితా చదివితే ఒప్పుకోరు. వాటిలో దేన్ని ముందు పెడతారో, ఎందుకు పెడతారో చెప్పాలి. సమస్యవారీగా ప్లాన్ కూడా మీరే చెప్పాలి. తప్పు చెప్పినా ఫరవాలేదు, ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. ఆ అలవాటు పుస్తకం చదివితే రాదు, ఎవరో ఒకరు రోజూ దిద్దితేనే వస్తుంది.

ఇంకో లాభం నేను ఊహించనిది. మోకాలి నొప్పితో వచ్చిన మనిషికి 45 దాటి ఉంటే పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్ సంగతి కూడా అడుగుతారు. అంతకుముందు 50 ఏళ్ల వయసుగా ఉన్న ఆ పరిమితిని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2021లో 45కు తగ్గించింది. 50 నుంచి 80 ఏళ్ల మధ్య వాళ్లయితే పొగతాగిన చరిత్ర లెక్కగట్టి, కనీసం 20 ప్యాక్-ఇయర్లు (రోజుకో పెట్టె చొప్పున 20 ఏళ్లు తాగినంత) ఉండి, ఇప్పటికీ తాగుతున్నా లేదా మానేసి 15 ఏళ్లు నిండకపోయినా ఊపిరితిత్తులకు లో-డోస్ సీటీ (తక్కువ రేడియేషన్‌తో తీసే స్కాన్) గురించి మాట్లాడతారు. వైద్యపరంగా సరైన మందే అయినా బీమా సంస్థ ముందస్తు అనుమతి ఇవ్వకపోతే దానికి ప్రత్యామ్నాయం వెతుకుతారు. ఇవన్నీ ప్రశ్నల బ్యాంకుల్లో చదివినవే. కానీ ఒక మనిషి ఎదురుగా ఉన్నప్పుడు, సమయం అయిపోతున్నప్పుడు వాటిలో దేన్ని ముందు ఎత్తాలో చూసి నేర్చుకోవాలి.

తెర మీద పరీక్ష చేయలేమని అంటారు గానీ, కొంత చేయవచ్చు. రోగి ఆయాసపడకుండా పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నాడా, వాచిన కాలి మీద తన బొటనవేలితోనే నొక్కితే గుంట పడుతోందా అన్నవి కనిపిస్తాయి. ఇంట్లో ఉన్న మందుల సీసాలన్నీ కెమెరా ముందు పెట్టమని మా డాక్టరు అడిగేవారు. ఒక పెద్దాయనకు తల తిరగడానికి కారణం అలాగే దొరికింది. ఒకే బీపీ మందును బ్రాండు పేరుతో ఒకటి, జెనెరిక్ పేరుతో ఒకటి, రెండు సీసాల నుంచీ వేసుకుంటున్నారు. క్లినిక్‌కు వచ్చి ఉంటే ఆ సీసాలు ఇంట్లోనే ఉండిపోయేవి.

అయినా ఊపిరితిత్తుల్లో క్రాకిల్స్ (చిటపట శబ్దాలు) వినలేరు, మెడ సిరల ఒత్తిడిని నమ్మకంగా అంచనా వేయలేరు. అంతకంటే పెద్ద లోటు వార్డు. నర్సులతో, ఫార్మసిస్టుతో మీరెలా పనిచేస్తారో, డ్యూటీ మారేటప్పుడు రోగులను ఎలా అప్పగిస్తారో రిమోట్‌లో ఎవరూ చూడలేరు. ప్రోగ్రాములు తెలుసుకోవాలనుకునేది అదే. రోగితో ఎలా మాట్లాడతారో, ఎలా పరీక్షిస్తారో ప్రత్యక్షంగా చూసే స్టెప్ 2 సీఎస్ పరీక్షను 2020 మార్చిలో ఆపి, 2021 జనవరిలో పూర్తిగా రద్దు చేశారు. 2022 జనవరి నుంచి స్టెప్ 1లో మార్కులు లేవు, ఉత్తీర్ణతే. మీరు రోగి దగ్గర ఎలా ఉంటారో ప్రత్యక్షంగా చూసి చెప్పే మనిషి మాటకు ఇప్పుడు ఉన్న విలువ అందుకే. కాబట్టి వీసా రాగానే కనీసం ఒక నెల నేరుగా చేయండి.

డబ్బు కట్టేముందు మధ్యవర్తి సంస్థను కాదు, వీలైతే డాక్టరునే అడగండి: రోగితో ఎవరు మాట్లాడతారు? ఒకే సెషన్‌లో ఎంతమంది శిక్షణార్థులు ఉంటారు? రెసిడెన్సీ ప్రోగ్రాములో బోధించే పదవి ఉందా? మైకు ఆపేసి పదిమంది వింటూ కూర్చునే ఏర్పాటైతే అది ఉపన్యాసమే, రొటేషన్ కాదు. సిఫారసు లేఖ గ్యారంటీ అని ముందే ప్రకటించేవాళ్లకు దూరంగా ఉండండి. మిమ్మల్ని చూడకముందే మాట ఇచ్చిన లేఖలో మీ గురించి ఏముంటుంది?

లేఖ అడిగేటప్పుడు ‘బలమైన లేఖ రాయగలరా’ అని సూటిగా అడగండి. వెనకాడితే ఊరుకోండి. రెసిడెన్సీ దరఖాస్తులు పంపే ఆన్‌లైన్ వ్యవస్థ ఈరాస్‌లో ఒక్కో ప్రోగ్రాముకు నాలుగు లేఖలకు మించి జతచేయలేరు. అందులో రిమోట్‌ది ఒకటి ఉంటే చాలు. సెప్టెంబరు చివర్లో ప్రోగ్రాములు దరఖాస్తులు చూడటం మొదలుపెడతాయి కాబట్టి వేసవిలోనే అడిగి పెట్టుకోండి.

తలుపు వేసిన గది, హెడ్‌ఫోన్లు తప్పనిసరి. రికార్డింగులు, స్క్రీన్‌షాట్లు వద్దే వద్దు. అది రోగి గోప్యతను కాపాడే హిపా చట్టానికి సంబంధించిన విషయం. దరఖాస్తులో దీన్ని టెలిరొటేషన్ అనే రాయండి. నేరుగా చేసినట్టు రాస్తే విదేశీ వైద్య పట్టభద్రులను ధ్రువీకరించే అమెరికా సంస్థ ఈసీఎఫ్‌ఎంజీ దాన్ని అక్రమ ప్రవర్తనగా పరిగణించవచ్చు. ఇంటర్వ్యూలో నన్ను దీని గురించి అడిగినప్పుడు ఆ రెండు సీసాల కేసే చెప్పాను. తర్వాతి ప్రశ్నలన్నీ దాని మీదే వచ్చాయి.