మనసు, శరీరం వేర్వేరు ద్రవ్యాలైతే ఒకదానిపై ఒకటి ఎలా పనిచేస్తాయి?

మనసు, శరీరం రెండు వేర్వేరు ద్రవ్యాలని, అంటే ఒకదానిపై ఒకటి ఆధారపడకుండా ఉండగల పదార్థాలని చెప్పే ద్రవ్యద్వైతానికి ఆధునిక రూపమిచ్చిన ఫ్రెంచి తత్వవేత్త రెనె డెకార్ట్, ఆలోచించడం మనసు స్వభావమని, చోటును ఆక్రమించడం శరీర స్వభావమని 1641లో ప్రతిపాదించాడు. చిక్కంతా ఆ విభజనలోనే ఉంది. ఒక వస్తువును కదిలించాలంటే దాన్ని తాకి నెట్టాలి కదా, ఆకారమూ ఉపరితలమూ లేని మనసు దేహాన్ని ఎలా కదిలిస్తుందని బొహీమియా రాకుమారి ఎలిజబెత్ 1643లో ఆయనకు లేఖ రాసింది. మనసూ దేహమూ కలిసి ఉండటం నిత్యానుభవంలోనే తెలుస్తుందన్న ఆయన జవాబు ఆమెను ఒప్పించలేదు. భౌతికం కాని ఆత్మ దేహాన్ని కదిలిస్తుందని నమ్మడం కంటే ఆత్మకే భౌతికత్వం ఉందనుకోవడం తనకు సులువని ఆమె బదులిచ్చింది. 1649లో డెకార్ట్ మెదడులోని పీనియల్ గ్రంథిని కలయిక స్థానంగా చూపాడు గానీ, అది ఎక్కడ అన్నదానికే జవాబు, ఎలా అన్నదానికి కాదు.

కారణానికీ కార్యానికీ పోలిక ఉండి తీరాలన్న నియమం లేదని స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ తరువాత వాదించాడు కాబట్టి, ఎలిజబెత్ ఆక్షేపణ ఒక్కటే ద్వైతాన్ని కూల్చదు. నా దృష్టిలో అంతకంటే బలమైన అభ్యంతరం వేరే ఉంది. చేయి ఎత్తినప్పుడు మెదడు నుంచి వెన్నుపాము మీదుగా నాడీ సంకేతం చేరి, కండర కణాల్లో కాల్షియం విడుదలై, కండరం సంకోచిస్తుంది. ఈ గొలుసులో భౌతికేతర ద్రవ్యం చొరబడవలసిన ఖాళీ ఏదీ కనిపించదు. పైగా మత్తుమందు స్పృహనే తొలగించగలదు. భారతీయ దర్శనాల్లో ఒకటైన సాంఖ్యాన్ని అనుసరించే సాంఖ్యులైతే మనసును, బుద్ధిని కూడా ప్రకృతిలోనే, అంటే జడ జగత్తులోనే చేర్చి, కేవల చైతన్యాన్నే పురుషుడిగా వేరు చేశారు. అందుచేత ద్రవ్యద్వైతం నిలవడం కష్టమనే నా అభిప్రాయం. అయితే నొప్పి కలిగించే నాడుల పనిని పూర్తిగా వర్ణించినా, ఆ నొప్పి అనుభవంగా ఎందుకు ఉంటుందన్న ప్రశ్నకు భౌతికవాదం ఇంకా జవాబు చెప్పవలసే ఉంది.